ఒడ్డుకొచ్చిన తల్లి

తెల్లవారింది. అత్త, కోడలు తట్టలు పట్టుకుని రేవుకు పోతున్నారు. దారిలో ఇసుక మీద పెద్ద తాబేలు చచ్చి పడి ఉంది. కుక్కలు చుట్టూ మూగాయి.

"ఈ వారంలో ఇది మూడోది అత్తా! ఎవరు చంపారు?"

"కావాలని ఎవరూ చంపలేదమ్మా. వలలో చిక్కి ఊపిరాడక పోయింది. గుడ్లు పెట్టడానికి వచ్చిన తల్లి ఇది."

"నీళ్లలో బతికేదానికి నీళ్లలో ఊపిరాడకపోవడమేంటి?"

"తాబేలు చేప కాదు. మనలాగే గాలి పీలుస్తుంది. మధ్య మధ్య పైకి రావాలి. మర బోటు వలను గంటల తరబడి ఈడుస్తారు. అందులో చిక్కితే పైకి ఎలా వస్తుంది?"

కోడలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది.

"మొన్న మీ అబ్బాయి తాబేలు కోసం వల కోశాడు. నేను తిట్టాను. సంఘంలో అప్పు చేసి కొన్న వల కదా!"

"కోపం రాదా మరి! వలే మన అన్నం. కానీ తెగిన కన్ను మళ్లీ అల్లుకోవచ్చు. పోయిన ప్రాణాన్ని అల్లలేం. సాయంత్రం ఆ వల తీసుకురా. ఇద్దరం కూర్చుని అల్లుదాం."

తాబేలు సంగతులు

ఈ తాబేలు పేరు ఆలివ్ రిడ్లే. సుమారు రెండు అడుగుల పొడవు ఉంటుంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరానికి వస్తుంది. కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్‌లోనూ గుడ్లు పెడుతుంది. ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా, రాత్రిపూట వస్తుంది. ఇసుకలో గొయ్యి తీసి సుమారు 100 గుడ్లు పెడుతుంది. గొయ్యి పూడ్చి వెళ్లిపోతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. వాటిలో పెద్దయ్యేవి చాలా తక్కువ. అందుకే ఒక్క తల్లి పోయినా పెద్ద నష్టం.

తాబేలు జెల్లీ చేపలను కూడా తింటుంది. జెల్లీ చేపలు చేప గుడ్లను, చిన్న పిల్లలను తింటాయి. తాబేలు ఉంటే మన చేపలకూ మేలే.

ముప్పు ఎక్కడ?

మన రాష్ట్రంలో తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల మర బోట్లు వేటాడకూడదు. 1994 నాటి చట్టం ఇది. ఆ నీళ్లు చిన్న పడవల వాళ్లవి. బోట్లు లోపలికి వస్తే తాబేళ్లు చస్తాయి. మన వలలూ తెగుతాయి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంది. కానీ తాబేళ్లు అంతకు ముందే వస్తాయి. ఆ నెలల్లో మనమే కనిపెట్టి ఉండాలి.

నీళ్లలో తేలే ప్లాస్టిక్ సంచిని తాబేలు జెల్లీ చేప అనుకుని మింగుతుంది. సముద్రంలో పారేసిన పాత వల కూడా ప్రాణులను పడుతూనే ఉంటుంది.

పిల్లలు వెలుగు వైపు నడుస్తాయి. ఒడ్డున దీపాలు ఎక్కువైతే సముద్రం వదిలి ఊరి వైపు వస్తాయి.

మనం ఏం చేయగలం?

• పాత వలలు, ప్లాస్టిక్ సంచులు సముద్రంలో వేయకూడదు.
• గుడ్లు పెట్టే కాలంలో ఒడ్డున దీపాలు తగ్గించాలి. కుక్కలను దూరంగా తోలాలి.
• గుడ్లు కనబడితే ముట్టుకోకూడదు. అటవీ శాఖ వాళ్లకు చెప్పాలి. వాళ్లు కంచె వేసిన చోట పొదిగిస్తారు.
• వలలో చిక్కిన తాబేలు కదలకపోయినా చచ్చిందని అనుకోకూడదు. వెల్లకిలా వేయకూడదు. బోర్లా ఉంచి, వెనక భాగం కాస్త ఎత్తాలి. నీడలో, తడిగుడ్డ కప్పి ఉంచాలి. నీళ్లు కారిపోయి తేరుకోవచ్చు. బాగా కదిలాకే సముద్రంలో వదలాలి.
• మర బోటు వలకు ఇనుప చట్రం పెట్టించాలి. చేపలు లోపలికి పోతాయి. తాబేలు పక్క దారిలో బయటపడుతుంది.

1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం తాబేలును చంపడం, గుడ్లు తీయడం నేరం. జైలు శిక్ష పడుతుంది.

ఆ సాయంత్రం అత్తాకోడళ్లు వల ముందేసుకుని కూర్చున్నారు. పక్కింటి ఆడవాళ్లూ వచ్చి చెయ్యి వేశారు. దీపం పెట్టేవేళకు వల సిద్ధమైంది.

ఆలోచించండి, చర్చించండి

1. తాబేలు వలలో చిక్కితే ఎందుకు చనిపోతుంది?
2. కోడలికి కోపం ఎందుకు వచ్చింది? ఆ కోపం న్యాయమేనా?
3. వల కోసినవాళ్ల నష్టం ఎవరు పంచుకోవాలి? మీ సంఘంలో మాట్లాడండి.
4. మీ ఊరి చెరువులో, కాలువలో ఏమేం పారేస్తున్నారు? రాయండి.