పాడైన ల్యాప్‌టాప్‌లోని రాగి గొట్టంతో వేడి దింపడం ఎలా?

పాత ల్యాప్‌టాప్‌ను తూకానికి వేసే ముందు ఒకసారి అడుగు విప్పి చూడండి. ప్రాసెసర్ నుంచి ఫ్యాన్ దాకా చదునైన రాగి గొట్టం కనిపిస్తుంది. అదే హీట్ పైప్. నేర్చుకోవడానికి అది చాలు, కొత్తది కొనక్కర్లేదు.

పైకి రాగి కడ్డీలా ఉన్నా లోపల బోలు. గాలి లాగేసి, కాసిన్ని నీళ్లు ఉంచి, రెండు చివరలూ మూసేస్తారు. గాలి ఒత్తిడి లేదు కాబట్టి ఆ నీళ్లు 100 డిగ్రీల దాకా ఆగవు, చాలా తక్కువ వేడికే మరుగుతాయి. ఆవిరి చల్లటి చివరకు పోయి, వేడి వదిలి, మళ్లీ నీరవుతుంది. దీపం వత్తి నూనెను లాగినట్టు, లోపలి గోడకున్న రాగిపొడి పొర ఆ నీటిని వెనక్కి లాగుతుంది. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,260 కిలోజౌళ్లు పడుతుంది. అందుకే చుక్కలతోనే పని జరుగుతుంది. అమెరికాలోని లాస్ అలమోస్‌లో 1963లో దీన్ని రూపొందించి, ఈ పేరు పెట్టినవాడు జార్జ్ గ్రోవర్.

మొదట గొట్టం బతికుందో లేదో చూడాలి. టీ అంత వేడి నీళ్లలో ఒక చివర ముంచి, రెండో చివర పట్టుకోండి. బాగున్నదైతే క్షణాల్లో వేళ్లు లాగేసుకుంటారు. ఎంతకీ వేడెక్కకపోతే లోపలికి గాలి చేరినట్టే, పక్కన పడేయండి.

దాన్ని కోయకూడదు, రంధ్రం పెట్టకూడదు. పాత చదును గొట్టాన్ని వంచకూడదు కూడా. గ్యాస్ మంట మీద అసలే పెట్టొద్దు, పేలుతుంది.

ఇప్పుడు బిగింపు. మొదటి ప్రయత్నానికి 12 వోల్టులతో నడిచే చిన్న ఎల్ఈడీ దీపమో, చిన్న కంప్యూటర్ బోర్డో ఎంచుకోండి. కరెంటు తీసేసి, పాత పేస్టును స్పిరిట్‌తో తుడిచి, పెసరగింజంత కొత్త థర్మల్ పేస్ట్ పెట్టండి. ఎక్కువ పూస్తే మంచిదనుకుంటారు చాలామంది. పేస్ట్ పని సన్నటి సందులు పూడ్చడమే, మందంగా ఉంటే అదే అడ్డం. స్క్రూలు ఎదురెదురు మూలల్లో కొద్దికొద్దిగా బిగించండి. వేడి చివర కింద, లోహపు రెక్కలున్న చివర పైన ఉంటే నీరు దానంతటదే దిగుతుంది. గొట్టం వేడిని మోస్తుందే తప్ప పోగొట్టదు. రెక్కలకు గాలి తగలకపోతే శ్రమ వృథా.

సోలార్ ప్యానెల్‌నూ ఇలాగే చల్లబరచవచ్చా అంటే, ముందు ఒక లెక్క: దానిమీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గరివి. ఎండాకాలం డాబా మీద అది 60 దాటుతుంది. డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున కరెంటు తగ్గుతుంది. అయినా ఇంటి ప్యానెళ్లకు హీట్ పైపులు అతికించమని నేను చెప్పను. ఖర్చుకు తగ్గ ఫలితం ఉండదు, వారంటీ కూడా పోవచ్చు. కింద జానెడు ఎడం వదిలితే గాలే చాలావరకు చూసుకుంటుంది.

సరదా తీరాలంటే 36 సెల్స్ ఉన్న 10 వాట్ల ప్యానెల్ తీసుకోండి. వెనక అల్యూమినియం రేకు, దానిమీద రెండు గుండ్రటి కొత్త గొట్టాలు అతికించి, పై చివరలు ఫ్రేము దాటేలా ఉంచి రెక్కలు తొడగండి. ఏ లోడూ కలపకుండా మల్టీమీటర్‌తో వోల్టులు చూడండి. ప్యానెల్ 10 డిగ్రీలు చల్లబడితే సుమారు 0.7 వోల్టు పెరగాలి. పెరగకపోతే రెక్కల మీద ఎండ పడుతోందేమో చూసి, వాటికి మాత్రమే అట్టముక్క నీడపట్టి, పావుగంట ఆగి మళ్లీ కొలవండి.