పేరాలు ఏ వరసలో పెట్టాలి?

సమాచారం ఇప్పుడు ఈజీగానే దొరుకుతుంది. దాన్ని ఏ వరసలో చెప్పాలన్నదే కష్టం. వచనంలో ఎక్కువగా కనిపించే నాలుగు వరసల్ని ధవళేశ్వరం ఆనకట్ట మీద పెట్టి చూద్దాం.

కాలక్రమం: 1847లో పని మొదలైంది, 1852లో పూర్తయింది. రాయడం సులువే, కానీ జాగ్రత్తగా లేకపోతే తేదీల పట్టికలా తయారవుతుంది.

కారణం, ఫలితం: గోదావరి నీళ్లు వృథాగా సముద్రంలో కలిసేవి. వానలు తప్పితే కరువే. ఆనకట్ట నీటిమట్టాన్ని పెంచింది, కాలవలు ఆ నీటిని పొలాలకు చేర్చాయి, డెల్టాలో వరి పండింది. ఇక్కడ ప్రతి వాక్యం ముందుదాని మీద నిలబడాలి.

పోలిక: 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీదా ఆనకట్ట పూర్తయింది. ఒకదాని పొడవు, ఇంకోదాని ఖర్చు చెబితే అది పోలిక కాదు. రెండింటికీ అవే అంశాలు తీసుకోవాలి.

స్థలక్రమం: ధవళేశ్వరంలో నిలబడి దిగువకి చూస్తే ఎడమవైపు గౌతమి, కుడివైపు వసిష్ఠ, మధ్యలో కోనసీమ. చదివేవాళ్ల కళ్లు మన వెంటే నడుస్తాయి.

వరస మారితే మనుషులూ మారతారు. ఆనకట్ట కథని ఆర్థర్ కాటన్ జీవితం వెంట చెప్పుకుంటూ పోతే మిగతావాళ్లు వెనకబడిపోతారు. "రాళ్లు ఎవరు మోశారు?" అని మొదలుపెడితే కూలీలూ, వాళ్ల పని చూసుకున్న వీణెం వీరన్నా మొదటి పేరాలోకే వస్తారు. మన భాషలో చెప్పాలంటే డేటా అదే, సార్టింగ్ కీ మారిందంతే.

అందుకే ఏ వరసైనా ఖాయం చేసే ముందు ఒకటి చూసుకోండి: ఇందులో చివరికి జారిపోతున్నది ఎవరు?