రన్‌వే చివర సముద్రం: పిల్లలతో కలిసి చేయాల్సిన ఒక లెక్క

పాఠం: 9వ తరగతి భౌతికశాస్త్రం, చలనం



ఫుట్‌బాల్ చూసే పిల్లలందరికీ క్రిస్టియానో రొనాల్డో తెలుసు. ఆయన పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవిలో పుట్టారు. అట్లాంటిక్ సముద్రంలో ఉన్న ఆ దీవి విమానాశ్రయానికి 2017లో ఆయన పేరే పెట్టారు. చిన్న విమానాశ్రయమే అయినా యూరప్ దేశాల పర్యాటకులు ఎక్కువగా దిగేది అక్కడే. ఒకవైపు కొండలు, మరోవైపు సముద్రం. మధ్యలో చదునైన నేల చాలా తక్కువ.

ఏం జరిగింది?

1964లో ప్రారంభించినప్పుడు రన్‌వే పొడవు 1,600 మీటర్లు. 1977 నవంబరు 19 రాత్రి భారీ వర్షంలో ఒక బోయింగ్ 727 విమానం ఉండాల్సినదానికంటే ఎక్కువ వేగంతో వచ్చింది. రన్‌వే మీద చాలా దూరం వెళ్లాక గానీ దాని చక్రాలు నేలను తాకలేదు. తడి నేల మీద ఆగలేక చివర దాటి కింద పడిపోయింది. అందులో ఉన్న 164 మందిలో 131 మంది చనిపోయారు.

లెక్క చేద్దాం

ఆగడానికి పట్టే దూరం కావాలంటే వేగాన్ని వర్గం చేసి, రుణ త్వరణానికి రెట్టింపుతో భాగించాలి. ఇవి పాఠం కోసం తీసుకున్న అంకెలు మాత్రమే. వేగం సెకనుకు 70 మీటర్లు, అంటే గంటకు 252 కిలోమీటర్లు అనుకుందాం.

• పొడి నేల (రుణ త్వరణం 2): 4,900ను 4తో భాగిస్తే 1,225 మీటర్లు.
• తడి నేల (రుణ త్వరణం 1): 4,900ను 2తో భాగిస్తే 2,450 మీటర్లు.

1,600 మీటర్ల రన్‌వే మొదటిదానికి సరిపోతుంది, రెండోదానికి చాలదు.

తర్వాత రన్‌వేను మొదట 1,800 మీటర్లకు, 2000 సంవత్సరానికి 2,781 మీటర్లకు పెంచారు. నేల లేదు కాబట్టి సముద్రం ఒడ్డున దాదాపు 180 కాంక్రీటు స్తంభాలు లేపి, వాటి మీద రన్‌వేను పొడిగించారు. ఆ నిర్మాణానికి 2004లో అంతర్జాతీయ ఇంజినీరింగ్ పురస్కారం కూడా వచ్చింది.

రన్‌వే పెరిగినా కొండగాలి తగ్గదు. అందుకే అక్కడ విమానం దింపే పైలట్లకు ప్రత్యేక శిక్షణ ఉండాలి. గాలి పరిమితి దాటితే విమానం దిగదు. పక్కనున్న పోర్టో శాంటో దీవికో, మరో ఊరికో వెళ్తుంది. ప్రయాణికులు విసుక్కోవచ్చు, కానీ పైలట్ పాటించేది లెక్కనే.

ఇప్పుడు మీ బండి

ఈ ప్రశ్నలు మీ అబ్బాయికో, అమ్మాయికో ఇవ్వండి. పొడి రోడ్డు మీద బండి రుణ త్వరణం 5, తడి రోడ్డు మీద 2.5 అనుకోమనండి.

1. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో (సెకనుకు 10 మీటర్లు) బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది?
2. వేగం 72 అయితే?
3. బ్రేకు వేయడానికి ఒక సెకను ఆలస్యమైతే ఇంకెంత దూరం కలుస్తుంది?

జవాబులు: 1. పొడి రోడ్డు మీద 10, తడి రోడ్డు మీద 20 మీటర్లు. 2. 40, 80 మీటర్లు. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు. 3. మొదటి వేగానికి 10, రెండో వేగానికి 20 మీటర్లు.

జవాబులు మీరు ముందే చెప్పకండి, వాళ్లనే వేసి చూపించమనండి. వానపడే ఉదయం బడికి ఆలస్యమవుతున్నప్పుడు, వెనక కూర్చున్న పిల్లలు "నాన్నా, మెల్లగా" అంటే కోప్పడకండి. వాళ్లకు పాఠం అర్థమైనట్టే.