అల్యూమినియపు అరుగుదల

ఎల్దుర్తిలోని మన యిండ్లలో సిల్వరు గిన్నె యని పిలువబడునది వెండి కాదు, అల్యూమినియము. దానిని ఇసుకతో తోమినచో గీతలు పడును. ఆ లోహము ఉక్కు బరువులో మూడవవంతే యుండును గాని మిక్కిలి మెత్తనిది.

అందుచే కరిగిన అల్యూమినియములో, సానరాళ్లకు వాడు సిలికాన్ కార్బైడు పొడిని కలిపి పోతపోయుదురు. ఆ గట్టి రేణువులు రాపిడిని తాము భరించి లోహమును కాపాడును. ఇట్టి మిశ్రమములను గూర్చి హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయమునందును పరిశోధనలు జరిగినవి. అరుగుదలను కొలుచుటకు, తిరుగుచున్న ఉక్కు బిళ్లపై మిశ్రమపు కడ్డీని అదిమియుంచి, రాపిడికి ముందును పిమ్మటను తూతురు.

మాకు వింతగా తోచినది వేరొకటి కలదు. భారము మితిమీరినప్పుడు రేణువులు ఊడి, నడుమ చిక్కి, గిన్నెమీది యిసుకవలెనే రెంటిని గీయును. ఊడకున్నను ఎదుటి ఉక్కును అవి అరగదీయవచ్చును. కడ్డీని తూచి సంతసించువారు బిళ్లనుగూడ తూచవలసియున్నది.