ఇంటి కంప్యూటరుకు పురుగు పడితే

మాది కార్వేటినగరం, మామిడి తోపును నమ్ముకొన్న ఇల్లు. కంప్యూటర్ల గురించి వ్రాయడానికి నేను నిపుణుణ్ణి కాను, బి.యస్సీ. చదివేవాణ్ణి. అయితే ఒకసారి దెబ్బ తిన్నాను గనుక, తెలిసింది నాలుగు మాటల్లో చెబుదామని కలం పట్టినాను.

టెంకపురుగు సంగతి రైతుబిడ్డలకు తెలిసిందే. పిందె మీద గ్రుడ్డు పెడుతుంది. పిల్లపురుగు టెంకలోకి దూరినాక పై గాయం మానిపోతుంది. కాయ కోసేదాకా లోపలి సంగతి బయటపడదు. ఇంటర్నెట్టులో ఊరికే దొరికే కొన్ని ప్రోగ్రాములూ ఇట్లాంటివే.

ఇంటర్ చదివే రోజుల్లో, డబ్బిచ్చి కొనవలసిన ఒక ప్రోగ్రాముకు "క్రాక్" దొరికిందని దింపుకొన్నాను. "ముందు యాంటీవైరస్ ఆపేయండి" అని దాంతోపాటు ఒక సూచన. కావలికుక్కను కట్టేసి తలుపు తీయమని దొంగే చెబితే, విన్నాను! తెల్లారేసరికి ఫైళ్లన్నిటి పేర్ల చివర ఏదో తోక, ఒక్కటీ తెరుచుకోదు. 980 డాలర్లు కట్టాలి, మూడు రోజుల్లోపు అయితే సగమే అని ఒక జాబు. పొలం కాగితాలు మళ్లీ స్కాను చేసుకోవచ్చు. అక్క పెండ్లిలో తీసిన అవ్వ ఫోటోలు మాత్రం ఇంకెక్కడా లేవు. అవ్వా లేదు. నాయన తిట్టలేదు. "దుడ్లిస్తే మాత్రం వాడు తెరుస్తాడని ఏం నమ్మకం రా?" అన్నాడు. నిపుణులు చెప్పేదీ అదేనని తర్వాత తెలిసింది.

"నేనేమీ దింపుకోను, నాకేం భయం?" అనేవాళ్లున్నారు. 2017 మే 12న వనాక్రై అనే పురుగు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టింది. మన చిత్తూరు సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు, తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్ని దాని పాలబడినాయి. ఎవరూ ఏదీ నొక్కనక్కరలేదు. విండోస్‌లో ఫైళ్లు పంచుకొనే ఏర్పాటులోని లోపం గుండా ఒకదాన్నుంచి ఇంకొకదానికి తానే పాకింది. ఆ లోపం పూడ్చే అప్‌డేటును మైక్రోసాఫ్ట్ అదే ఏడు మార్చి 14ననే విడుదల చేసింది. రెండు నెలలు మందు ఇంట్లో పెట్టుకొని కొట్టనట్టే గదా!

కాబట్టి అప్‌డేటు అడిగితే "రేపు" అనవద్దు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది; పాత కంప్యూటరున్నవారు ఇది చూసుకోవాలి. బ్రౌజరునూ అట్లే తాజాగా ఉంచాలి. "మీ కంప్యూటరులో వైరస్ ఉంది, ఇక్కడ నొక్కండి" అని ఏదైనా పేజీ అరిస్తే మూసేయండి, మీ యంత్రాన్ని తనిఖీ చేసే శక్తి ఆ పేజీకి లేదు. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటరు హక్కులు లేని ఖాతా వాడితే మంచిది. అయినా మన ఫైళ్లకు అదొక్కటే కాపు కాదు. ముఖ్యమైనవన్నీ వేరే డిస్కులోకి తీసి, తీగ పీకి పెట్టుకోవాలి. తగిలించి ఉంచితే దానికీ పురుగు పడుతుంది. మా ఇంట్లో ఆదివారం ఈ పని; "పెట్టెలో పెట్టినావా?" అని నాయన అడుగుతాడు. డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి.

తాళం పడిన ఫైళ్లను నేను చెరపలేదు. 2016లో డచ్చి పోలీసులు, యూరోపోల్, మరి రెండు కంపెనీలు కలిసి మొదలుపెట్టిన "నో మోర్ రాన్సమ్" అనే చోట ఇట్లాంటి తాళాలు కొన్నింటికి చెవులు ఉచితంగా దొరుకుతాయి. సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా చూస్తుంటాను. నా తాళానికి చెవి ఇంకా రాలేదు.