సమ్మతి కాగితం చూపమను

పోలవరం



విద్యార్థులే నడిపే అంతర్జాతీయ, తులనాత్మక న్యాయశాస్త్ర పత్రికకు సంపాదకురాలివయ్యావని తెలిసి చాలా సంతోషించాను. వ్యాసాలు ఎంచేటప్పుడు ఒక్క పట్టుదల వదలకు. రెండు దేశాల తీర్పులు పక్కపక్కన పెట్టి తేడాలు చెప్పేస్తే తులనాత్మక అధ్యయనం అయిపోదు. ఆ తీర్పులోని హక్కు ఊళ్లోకి వచ్చేసరికి ఏమైందో చూపే కాగితం కూడా రచయిత చదివి ఉండాలి. ఇందుకు మన పోలవరం ప్రాజెక్టును మించిన ఉదాహరణ ఎంత దూరం వెతికినా దొరకదు.

సురినామ్‌నే తీసుకో. 1960లలో అక్కడ అఫోబాకా ఆనకట్ట కట్టినప్పుడు సరమాకా జనం ఊళ్లు మునిగాయి. వాళ్ల అడవుల్లో కలప, గనుల అనుమతుల గురించి 2007లో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం తీర్పిస్తూ, భారీ ప్రాజెక్టులకు సంప్రదింపులు చాలవు, ముందుగా, స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి కావాలంది. ఆదివాసుల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 169వ ఒడంబడికను సురినామ్ ఆమోదించలేదు, మన దేశమూ ఆమోదించలేదు. మనం 1958లో ఆమోదించింది పాత 107వ ఒడంబడికను. ఇక మన చట్టాలకొస్తే, 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ విస్తరణ చట్టం) భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించమంది. 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ముందస్తు సమ్మతే కావాలంది. పోలవరంలో సేకరణ అంతకు ముందే మొదలైంది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 90వ సెక్షనైతే ప్రాజెక్టుకు తెలంగాణ సమ్మతి ఇచ్చినట్టే భావించాలని రాసేసింది. ఒక రాష్ట్రం సమ్మతినే చట్టం అలా రాసేసుకోగలిగితే, కొండరెడ్ల, కోయల గూడేల సమ్మతికి దక్కిన విలువెంత? జవాబు తీర్పుల సంపుటాల్లో దొరకదు, గ్రామసభ తీర్మానాల్లో వెతకాలి. నోటీసు ఎప్పుడిచ్చారు, ఎవరొచ్చారు, పునరావాసం వివరాలు వాళ్లకు తెలిసిన భాషలో చెప్పారా, వేలిముద్రలు ఎవరివి?

పరాయి కోర్టు తీర్పు మనల్ని కట్టడి చెయ్యదు కదా అని నీ తోటివాళ్లే అంటారు. నిజమే. అయినా 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు, పనిచేసే చోట లైంగిక వేధింపులపై దేశంలో చట్టం లేనందున మహిళల హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను ఆధారం చేసుకుని మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంత పెద్ద విషయం తూచే అనుభవం విద్యార్థులకెక్కడిదని మరికొందరంటారు. 1887 నుంచి హార్వర్డ్ లా రివ్యూను నడుపుతున్నది విద్యార్థులే. పెద్దలు తీరిక లేక వదిలేసే పని మీరు చెయ్యగలరు: ప్రతి ఫుట్‌నోట్‌కూ మూలం తెరిచి సరిచూడటం. సిద్ధాంతం దగ్గర సందేహమొస్తే అధ్యాపకుల చేత చదివించు, అందులో చిన్నతనం లేదు.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ వేరే ఉంది. రైతుకు నీళ్లు అక్కర్లేదా, పత్రిక కరపత్రమైపోదా అని. నీళ్లు కావాలి, అందులో సందేహం లేదు. అందుకే ప్రాజెక్టును సమర్థించే వ్యాసాన్నీ అంతే గౌరవంతో తీసుకో, రచయితను అవే కాగితాలు అడుగు. ముంపు గ్రామం పేరైనా ఎత్తకుండా ప్రజాప్రయోజనం అని రాసినవాళ్లనీ, ఒక్క తీర్మానమైనా చూడకుండా సమ్మతి లేదని రాసినవాళ్లనీ ఒకేలా వెనక్కి పంపు. ఆ కాగితాల కోసం వేసే సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు రావడానికి నెల దాకా పట్టవచ్చు. సంచిక ఆ నెల ఆగినా ఫర్వాలేదమ్మా.

ఇట్లు,
పెదనాన్న