పరుపుతో మోసిన నలుగురు
పఠన భాగములు: మార్కు 2:1–12, 2 సమూయేలు 4:4, 9:1–13

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చిన సంగతి మనమెల్లరము ఎరుగుదుము. వారి విశ్వాసమును గూర్చి మేము పలుమారులు బోధించితిమి గాని, వారు మోసిన తీరును గూర్చి ఆలోచింపలేదు. వారు అతనిని చేతులు, కాళ్లు పట్టి ఈడ్చుకొని రాలేదు. పరుపుతోనే మోసిరి, పరుపుతోనే దించిరి. ఇది మాకు బోధపడుటకు ఒక విచారకరమైన కారణము కలదు.

1. మా తొందర

కొంతకాలము క్రిందట హైదరాబాదు–విజయవాడ రోడ్డుమీద కారు బోల్తాపడి, మా సంఘపు సహోదరుడొకడు దెబ్బతినెను. మేమును నలుగురమే పరుగెత్తితిమి. ఇద్దరము చంకలక్రింద, ఇద్దరము మోకాళ్లయొద్ద పట్టి, నడుము వ్రేలాడుచుండగా ఎత్తి ఆటోలో కూర్చుండబెట్టితిమి. ప్రేమతోనే చేసితిమి, తెలియక చేసితిమి. “అయ్యగారూ, నా కాళ్లు నావి గానట్లున్నయి” అని అతడు త్రోవలో చెప్పిన మాట నేటికిని మా చెవులలో నున్నది. ఆ బలహీనత దెబ్బవలననే కలిగెనో, మేమెత్తుటవలన హెచ్చెనో దేవునికే తెలియును.

2. తెలిసికొనవలసిన సంగతి

వెన్నెముక లోపల త్రాడువంటి నరముల కట్ట ఉన్నది. మెదడు ఆజ్ఞ దాని ద్వారానే కాళ్లకు చేరును. విరిగిన ఎముక కదలినయెడల అది నలుగును. కాబట్టి మంటలవంటి అపాయము లేనిచో గాయపడినవానిని లేపరాదు. తల, మెడ కదలకుండ పట్టుకొని 108కి ఫోను చేయవలెను. తప్పనిసరియైనచో తల, మెడ, నడుము దూలమువలె తిన్నగా నుండునట్లు పలకమీద మోయవలెను.

3. వెన్ను సరిచేయువారు

కాళ్ల బలము రాకపోగా, కైరోప్రాక్టరుయొద్దకు తీసికొనిపోదుమా అని అతని ఇంటివారు మమ్మును అడిగిరి. ఈ విద్యను 1895లో అమెరికాలో డి. డి. పామర్ ఆరంభించెను. చేతులతో వెన్నుపూసలను నొక్కి, త్రిప్పి సరిచేయుట దీని పద్ధతి. సాధారణమైన నడుమునొప్పికి ఇట్టి చికిత్సవలన కొందరికి కొంత ఉపశమనము కలుగునని పరిశోధనలు తెలుపుచున్నవి. అయితే దెబ్బ తగిలినపిమ్మట కాళ్లు బలహీనపడినను, తిమ్మిరెక్కినను, మలమూత్రములు అదుపు తప్పినను ముందుగా ఆసుపత్రికే పోవలెను. విరిగిన ఎముకను, నలిగిన నరమును త్రిప్పి సరిచేయరాదు.

మన నల్లగొండ ప్రాంతమువారికి మరియొక హెచ్చరిక. ఫ్లోరైడు నీరు ఏండ్ల తరబడి త్రాగిన కొందరికి వెన్ను బిగిసికొనిపోవును. ఎముక పెరిగి నరముల త్రాడును నొక్కగా, ఏ ప్రమాదము లేకయే కాళ్లు పట్టు తప్పును. అట్టి వెన్నును బలవంతముగా త్రిప్పుట మిక్కిలి అపాయకరము.

ఆ సహోదరుని వైద్యులు పరీక్షించి, ఎముక కుదిరినపిమ్మట వ్యాయామ చికిత్స చేయించిరి. దినదినము ప్రయాసపడి, ఎనిమిది నెలలకు అతడు ఊతకర్రతో మందిరపు మెట్లెక్కెను.

4. నడువలేనివారి స్థలము

అందరును అట్లు లేవరు. మెఫీబోషెతు అయిదేండ్లవాడై యుండగా, దాది అతనిని ఎత్తుకొని తొందరగా పారిపోవుచుండెను. అతడు పడి కుంటివాడాయెను. ఆమెదియు ప్రేమతోకూడిన తొందరయే. అతని కాళ్లు బాగుపడినట్లు వ్రాయబడలేదు గాని, రాజు బల్లయొద్ద అతనికి చోటు దొరికెను.

వేలూరు మిషను ఆసుపత్రి వైద్యురాలు మేరీ వర్గీసు 1954లో కారు ప్రమాదమువలన నడక కోల్పోయెను. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండి కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. ఆమె ప్రయాసవలన 1966లో అచ్చట అంగవికలుల పునరావాస కేంద్రము వెలసెను. నడక రానంతమాత్రమున పిలుపు ఆగిపోలేదు.

ఆలోచించుటకు:

1. మన ప్రేమ తొందరపడి ఎవరికైన హాని చేసెనా?

2. నడువలేనివారు మన మందిరములోనికి ఎట్లు రాగలరు? వారికి ఏ చోటు ఉంచితిమి?

3. మనుష్యుని మోయదగిన పొడవైన పలక మన మందిరములో ఉన్నదా? లేనియెడల వచ్చే ఆదివారములోగా ఒకటి చేయించుదము.